కుర్చీల లెక్క

నూట ఇరవై కుర్చీలు. రసీదు మీద సంతకం నాది.
చర్చి వాళ్ళవి అరవై, బౌలింగ్ క్లబ్బు వాళ్ళవి నలభై,
మిగతా ఇరవై ఎక్కడివో ఫెర్గస్ చెప్పడు.
"అడక్కు" అంటాడు,
వ్యాన్ తలుపుని మోకాలితో మూస్తూ.

డండీలో మూడు రోజుల కవిత్వపు పండగ.
మార్చి నెల. టే నది మీంచి వచ్చే గాలి
మేం పోస్టరు అతికించినంతసేపూ బుద్ధిగా ఊరుకుని
అటు తిరగ్గానే పీకేస్తుంది.

కమిటీ అనడం పెద్ద మాట.
ఐల్సా, బడి పిల్లలకి ముప్పై ఏళ్ళు అన్నం వడ్డించిన చెయ్యి,
ఇప్పుడు కవులకి నిమిషాలు వడ్డిస్తుంది.
పన్నెండంటే పన్నెండే. మారు అడిగినవాణ్ణి
ఖాళీ గిన్నె చూసినట్టు చూస్తుంది.
ఫెర్గస్, రిటైరైన బస్సు డ్రైవరు, మా కోశాధికారి.
కోశం అంటే ఓ బిస్కెట్ల డబ్బా.
జైనబ్, పంతొమ్మిదేళ్ళ మైకుల పిల్ల,
మా ముగ్గుర్నీ కసిరే హక్కు తనొక్కదానిదే.
నేను కుర్చీలు.

హాలు ఒకప్పటి జూట్ మిల్లు.
తాళం తీసిన మొదటిరోజే నాకు వాసన తగిలింది.
వీళ్ళెవరికీ రాలేదట, ఎలా వస్తుంది,
అది నెల్లిమర్లలో మా మేనత్త కొంగులో ఉండేది:
గోనె పీచు, యంత్రాల నూనె, రెండో షిఫ్టు చెమట.
ఫెర్గస్ నాయనమ్మ ఇక్కడే నేసిందట,
మగ్గాల హోరుకి చెవులు పోయి
పెదాలు చూసి మాటలు ఏరుకునేదట.
మా అత్తా అంతే, వంటింట్లో పక్కనే కూచున్నా సరే
మగ్గం అవతలున్నవాళ్ళని పిలిచినట్టే అరిచేది.

ఒక సంగతి ఒప్పుకోవాలి.
ఏడేళ్ళుగా చేస్తున్నాను, ఒక్క కవితా పూర్తిగా వినలేదు.
నా చోటు తలుపు దగ్గర.
ఆలస్యంగా వచ్చేవాళ్ళు, నీళ్ళోడే కోట్లు,
బాత్రూం ఎటని చెవిలో గుసగుస.
తలుపు తెరుచుకుంటే ఒక పాదం వినబడుతుంది,
మూసుకునేలోగా సగం ఉపమానం.
కిందటేడు ఒకావిడ "మా నాన్న చేతులు" అంటూ మొదలెట్టింది,
ఆ చేతులు ఏమయ్యాయో ఇప్పటికీ తెలీదు,
గిన్నెలు తోముతుంటే గుర్తొస్తాయి.

చప్పట్లు మాత్రం నాకు క్షుణ్ణంగా తెలుసు.
మర్యాదకి కొట్టేవి చేటలో పెసలు పోసినట్టుంటాయి, వెంటనే వస్తాయి.
అసలైనవాటికి ముందు కాస్త ఖాళీ ఉంటుంది.
దాని కోసమే నించుంటాను అక్కడ.

ఈ ఏడు ఆఖరి రాత్రి, జనం వెళ్ళిపోయాక,
మైకు ఇంకా బతికుందని తెలీక
ఐల్సా స్టేజీ ఎక్కి, కళ్ళజోడు సర్దుకుని
దొరికిన వస్తువుల జాబితా సరిచూసుకుంది:

గొడుగులు రెండు. ఒకదానికి ఊచ విరిగింది.
ఎడమచేతి గ్లోవ్స్ మూడు. కుడిది ఒక్కటీ లేదు.
చెవి మిషను. ఇంకా కూస్తోంది, పాపం.
కట్టుడు పళ్ళు... కాదు, దువ్వెన.
పిల్లాడి బూటు. పిల్లలెవరొచ్చారని?
కవితలు ఒక కట్ట. పేరు లేదు.
చివరి కాగితం తడిసింది.

అంతే. కాగితం మడిచింది.
మొదలు నుంచి చివరిదాకా విన్నాను.
తర్వాత కాస్త ఖాళీ.
జైనబ్ చెయ్యి స్విచ్చి మీదే ఉంది, నొక్కలేదు.

డబ్బా అడుగున కౌన్సిల్ వాళ్ళ ఉత్తరం,
వచ్చే ఏడాదికి గ్రాంటు లేదని.
మూడు రోజులుగా అందరం చూసినవాళ్ళమే.
దాని పక్క నుంచే వేలు పోనిచ్చి
చివరి బిస్కెట్ తీసుకున్నాను.

ఇక కుర్చీలు మడవడం. పదేసి చొప్పున గోడకి జారేసి
లెక్కపెడితే నూట ఇరవై ఒకటి వచ్చాయి.
మళ్ళీ లెక్కపెట్టాను, ఈసారి ఒక్కోదాన్నీ ముట్టుకుంటూ.
నూట ఇరవై ఒకటి.

ఫెర్గస్‌ని అడిగాను.
"అడక్కు" అన్నాడు,
వ్యాన్‌లో దానికీ చోటు చేస్తూ.